ఐదు సెంట్లలో ఆరుగురికి ఇల్లు: ప్లాన్ ఖాయం చేసే ముందు

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. మీరు పెట్టిన ప్లాన్ ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలిచాను కూడా. నాకు అర్థమైంది ఇది: టెక్కలి దగ్గర పల్లెలో పాత పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో కొత్త ఇల్లు కడుతున్నారు. తూర్పు వీధి. ముఖం 30 అడుగులు, లోతు 72, అంటే ఇంచుమించు ఐదు సెంట్లు. ఉండేది మీరు, మీవారు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు. మరిదిగారి కుటుంబం సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తుంది. మామగారికి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. మీవారు ఇంటర్నెట్‌లో చూసిన డూప్లెక్స్ ప్లాన్‌నే కట్టేద్దామని మేస్త్రి అంటున్నాడు. మీకేమో వంటిల్లు దగ్గర మనసు ఒప్పుకోవడం లేదు. వాకిట్లో ఉన్న నుయ్యి పూడ్చాలా వద్దా అన్నది చివరి ప్రశ్న.

నేను విజయనగరంలో 26 ఏళ్లుగా ఇళ్ళ ప్లాన్లు గీస్తూ, దగ్గరుండి కట్టిస్తూ ఉన్నాను. మీ అనుమానం సరైనదే. ఆ ప్లాన్ ఎవరో వేరే కుటుంబాన్ని మనసులో పెట్టుకుని గీసింది. కింద ఉన్నది ఒక్కటే పడకగది, దానికి పక్కన బాత్‌రూమ్ లేదు. పెరట్లోకి తలుపు లేదు. బియ్యం బస్తా ఎక్కడ పెడతారో, ఇన్వర్టర్ ఎక్కడ పెడతారో తెలియదు. బొమ్మలో సోఫా బాగుంది గానీ అది మన ఇళ్ళలో ఉండే సోఫాలో సగం సైజుకి గీశారు. అందుకే హాలు అంత విశాలంగా కనిపిస్తోంది.

నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే. ముందు మనుషుల్ని, సామానుని కొలవాలి. తర్వాత జాగాలో ముగ్గు పోసి ఆ గీతల మధ్య తిరగాలి. కాగితం మీద గీయడం ఆ తర్వాత పని. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. కాగితం మీద ఖాయం చేసి, శంకుస్థాపనకి ముహూర్తం పెట్టి, ఆ తెల్లవారుజామున ముగ్గు పోస్తారు. అప్పుడు తప్పు కనపడినా ఎవరూ నోరు విప్పరు, ముహూర్తం దాటిపోతుందని.

ఈ వారం ఒక నోట్‌బుక్ తీసుకుని మీ ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో రాయండి. పొద్దున్న మొదట ఎవరు లేస్తారు, లేచి ఎటు వెళ్తారు, ఆ సమయంలో ఇంకా ఎవరు నిద్రపోతుంటారు. మామగారు పేపరు ఎక్కడ కూర్చుని చదువుతారు. పిల్లలు స్కూలుకి తయారయ్యే అరగంటలో బాత్‌రూమ్ దగ్గర ఎంతమంది నిలబడతారు. చేపలు తెచ్చిన రోజు అత్తగారు ఎక్కడ కూర్చుని కడుగుతారు. ఉతికిన బట్టలు వానాకాలంలో ఎక్కడ ఆరేస్తారు. ఇవి చిన్న విషయాల్లా ఉంటాయి గానీ ఇంటి ప్లాన్ మొత్తం వీటిలోనే ఉంది. మగవాళ్ళు చెప్పే లిస్టులో హాలు, టీవీ, కారు, ముందు ఎలివేషన్ (వీధిలోంచి ఇల్లు కనపడే ముఖం) ఉంటాయి. చీపురు, గ్యాస్ సిలిండరు, ఊరగాయ జాడీలు, చుట్టాలు వస్తే పరిచే పరుపులు ఎక్కడ పెట్టాలో ఆడవాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. కాబట్టి ఈ నోట్‌బుక్ మీరూ అత్తగారూ కలిసి రాయండి.

తర్వాత టేపు పట్టుకుని సామాను కొలవండి. మంచం 6 అడుగులకి 6న్నర ఉంటే, దానికి రెండు పక్కలా రెండున్నర అడుగుల చొప్పున వదిలితేనే దుప్పటి సరిచేయగలరు, రాత్రి లేచి నడవగలరు. అంటే గది వెడల్పు 11 అడుగులు కావాలి. ఇనప బీరువా లోతు అడుగున్నర పైనే ఉంటుంది. దాని తలుపు తీయడానికి ఇంకో అడుగున్నర, ముందు మనిషి నిలబడడానికి చోటు. ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల 3 అడుగులకి 5 అడుగులే కావచ్చు, కుర్చీ వెనక్కి లాగి లేవాలంటే చుట్టూ దగ్గర దగ్గర 3 అడుగులు ఉండాలి. అంటే ఆ చిన్న బల్ల 9 అడుగులకి 11 అడుగుల నేలని తీసుకుంటుంది. మీ ప్లాన్‌లో డైనింగ్ 7 అడుగులకి 8 అని ఉంది. గోడవైపు కూర్చున్నవాళ్ళు తినడం అయ్యాక అందరూ లేస్తేగానీ బయటికి రాలేరు.

ముగ్గు సంగతి. పాత ఇల్లు తీసేసి నేల చదును చేశాక ఒక సాయంత్రం మేకులు, తాడు, ఒక బస్తా సున్నం తీసుకుని వెళ్ళండి. గోడలు, తలుపులు, కిటికీలు అసలు కొలతలతో గీయండి. ఒక మంచం, రెండు కుర్చీలు, ఒక కత్తిపీట కూడా పట్టుకెళ్ళండి. మేం గజపతినగరం వైపు ఒక ఊళ్ళో ఇలాగే ముగ్గు పోశాం. ఆ ఇంటి పెద్దావిడ వచ్చి వంటిల్లు ఎక్కడని అడిగి, గీతల మధ్యకి వెళ్ళి, వెంట తెచ్చుకున్న కత్తిపీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఒక చేట పెట్టుకుంది. "నేను రోజూ ఇలా కూర్చుంటాను బాబూ, ఇప్పుడు పెరటి తలుపు తియ్యి" అంది. కొడుకు తలుపు తీసినట్టు చెయ్యి తిప్పితే అది సరిగ్గా ఆవిడ మోకాలికి వచ్చి తగిలింది. మేం తలుపుని రెండడుగులు పక్కకి జరిపాం, రెక్క బయటికి తెరిచేలా మార్చాం. ఆ పనికి మాకు పట్టింది పిడికెడు సున్నం. గోడ లేచాక చేసి ఉంటే రెండు రోజుల కూలీ, తలుపు పైన పోసిన లింటెల్ కాంక్రీటు పగలగొట్టడం.

ఒక జాగ్రత్త. ముగ్గు పోసినప్పుడు గదులు ఉన్నదానికంటే చిన్నవిగా కనిపిస్తాయి. పైన ఆకాశం, చుట్టూ ఖాళీ ఉంటుంది కదా, కంటికి అలా అనిపిస్తుంది. గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయి, తెల్ల రంగు పడ్డాక అవే గదులు పెద్దవిగా కనపడతాయి. చాలామంది ముగ్గు దశలో కంగారుపడి ప్రతి గదినీ అడుగు పెంచేస్తారు, దాంతో పెరడు పోతుంది. కంటిని నమ్మకండి, మంచం వేసి చూడండి, టేపు పెట్టి చూడండి.

మామగారి గది గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ తప్పు నేను నా సొంత ఇంట్లో చేశాను. మా ఇల్లు కట్టినప్పుడు బాత్‌రూమ్‌లో నీళ్ళు గదిలోకి రాకూడదని గుమ్మం దగ్గర నాలుగంగుళాల గట్టు కట్టించాను. అప్పట్లో అందరం అలాగే కట్టేవాళ్ళం. మా అమ్మ ఆ గట్టు రోజూ దాటేది. ఆరేడేళ్ళకి ఒక రాత్రి కరెంటు లేని సమయంలో అది తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది, ఆవిడ తలుపుకి అడ్డంగా పడిపోయింది. తలుపు తొయ్యడానికి మాకు భయమేసింది. వెంటిలేటర్ అద్దాలు తీసి మా తమ్ముడు లోపలికి దిగాడు. ఆ తర్వాత నేను గీసిన ఏ ప్లాన్‌లోనూ పెద్దవాళ్ళ బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరిచేలా పెట్టలేదు.

కాబట్టి మామగారి గదికి ఆనుకుని బాత్‌రూమ్ ఉండాలి, మంచం నుంచి పది అడుగుల లోపల. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు పెడతారు మామూలుగా, మీరు మూడు పెట్టించండి. రేపు వాకర్ పట్టుకుని వెళ్ళాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. రెక్క బయటికి తెరవాలి. గట్టు వద్దు, బాత్‌రూమ్ నేల గది నేల కంటే ఒక అంగుళం దిగువన ఉంచి, వాలు స్నానం చేసే వైపుకి ఇస్తే చాలు. కమోడ్ పక్క గోడకి పట్టుకునే కడ్డీ. గరుకు టైల్స్. మంచం మీద నుంచి చెయ్యి చాపితే అందేలా ఒక లైటు స్విచ్. ఇవన్నీ కలిపినా ముందు ఎలివేషన్‌కి పెట్టే టైల్స్ ఖర్చులో ఒక మూలకి కూడా రావు.

మెట్ల విషయం కూడా ఇక్కడే చెప్తాను. మన పల్లెల్లో సిమెంట్ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన వేస్తారు, రోడ్డు పెరుగుతూ పోతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం, వాన పడితే వీధి నీళ్ళు నడిమింట్లోకి వస్తున్నాయి. అందుకని ఇంటి నేల రోడ్డుకంటే 3 అడుగులు ఎత్తులో పెట్టుకోండి. కానీ 3 అడుగులు ఒకేసారి ఎక్కడం మామగారి వల్ల కాదు. ర్యాంప్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ర్యాంప్ నడవగలిగేలా ఉండాలంటే ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి, 3 అడుగులకి 36. మీ వాకిట్లో అంత చోటు లేదు. నేనైతే వాకిలి మొత్తం అడుగున్నర ఎత్తు మట్టి పోసి నింపేస్తాను, గేటు దగ్గర వాలుగా రోడ్డుకి కలుపుతాను. మిగిలిన అడుగున్నరకి నాలుగున్నర అంగుళాల మెట్లు నాలుగు, ఒక్కొక్కటి అడుగు వెడల్పు, రెండు వైపులా పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఆ ఎత్తు ఎక్కగలరు.

ఇప్పుడు వంటిల్లు. మీ ప్లాన్‌లో వంటిల్లు వీధి వైపు, ఆగ్నేయం మూలలో ఉంది. తూర్పు ముఖం ఇళ్ళకి వాస్తు ప్రకారం గీస్తే అక్కడికే వస్తుంది. పెరడేమో ఇంటికి ఆ చివర, పడమట. చేపలు కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని అత్తగారు హాలు, డైనింగ్ దాటి వెళ్ళాలి. మీ మనసు ఒప్పుకోనిది ఇక్కడేనని నాకు అనిపిస్తోంది. మన పాత వరస ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. పక్కింటికీ మనకీ ఒకటే గోడ, సన్నగా పొడుగ్గా ఉండేవి. వీధిలో అరుగు, తర్వాత నడిమిల్లు, వంటిల్లు, ఆఖర్న పెరడు. వీధికి సంబంధించిన పని వీధి దగ్గరే, నీళ్ళ పని పెరటి దగ్గరే అయిపోయేది. ఆ వరస మనవాళ్ళ బతుకు తీరులోంచి వచ్చింది, దాన్ని పూర్తిగా వదులుకోకండి. ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యంలో వంట చేసుకోవచ్చని వాస్తు చెప్పేవాళ్ళే అంటారు. మీ జాగాకి వాయవ్యం అంటే పెరటి మూలే.

వంటగట్టు ఎత్తు మేస్త్రి ఇష్టానికి వదలొద్దు. మామూలుగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు. గట్టు ముందు నిలబడి మోచెయ్యి మడిస్తే, మోచేతికి నాలుగైదు అంగుళాల దిగువన గట్టు ఉండాలి. రోజూ ఎక్కువ సేపు వండేది ఎవరో వాళ్ళ కొలతే పెట్టండి. మీది టెక్కలి కాబట్టి గ్రానైట్ ఇంటి దగ్గరే దొరుకుతుంది, ఆ విషయంలో అదృష్టవంతులు. రెండు వైపులా గట్టు పెడితే మధ్యలో 4 అడుగులు వదలండి, మీరూ అత్తగారూ ఒకేసారి పనిచేసేటప్పుడు ఒకరినొకరు రాసుకోకుండా.

మీ కొలతలతో నేను గీసిన పద్ధతి మాటల్లో చెప్తాను, ముగ్గు పోసి చూసుకోండి. వీధి వైపు 12 అడుగులు, పెరటి వైపు 8, ఉత్తరాన 4, దక్షిణాన 3 వదిలాను. ఇల్లు బయటి కొలత 23 అడుగులకి 52. మీ ఊరు సుడా (శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉందో లేదో కనుక్కుని, చుట్టూ వదిలే కొలతలు లైసెన్స్ ఉన్న ఇంజనీరుతో ఒకసారి సరిచూసుకోండి.

ముందు 7 అడుగుల వసారా. ఇది మామగారి చోటు, దీన్ని తగ్గించకండి. రోజంతా వీధి చూస్తూ, పోయేవాళ్ళని పలకరిస్తూ కూర్చునే మనిషిని లోపలి గదిలో పెడితే ఆరు నెలల్లో డీలాపడిపోతారు. వసారా దక్షిణపు సగం మెట్ల ఎత్తుకి లేపకుండా వాకిలితో సమానంగా ఉంచితే, ముందు వదిలిన 12 అడుగులతో కలిపి 19 అడుగుల లోతు వస్తుంది. రేపు కారు కొన్నా అక్కడ పడుతుంది. లోపల దక్షిణం వైపు వరసగా మీ గది 11 అడుగులకి 12, తర్వాత మెట్లు 7 అడుగుల్లో, తర్వాత రెండు బాత్‌రూమ్‌లు ఒకదాని పక్కన ఒకటి, చివర నైరుతిలో మామగారి గది 11కి 13. బాత్‌రూమ్‌లు 8 అడుగుల పొడవే పెడితే వాటికీ డైనింగ్‌కీ మధ్య 3 అడుగుల నడవ మిగులుతుంది. వాష్‌బేసిన్ అక్కడే. ఒక బాత్‌రూమ్ మామగారి గదిలోకి, ఒకటి నడవలోకి తెరుచుకుంటాయి. ఉత్తరం వైపు హాలు 16, డైనింగ్ 11, వంటిల్లు 10, ఆఖర్న 5 అడుగుల వెనక వసారా. వెనక వసారాకి కప్పు ఉంటుంది, కుళాయి ఉంటుంది. చేపలు కడగడం, గిన్నెలు తోమడం, వాషింగ్ మెషీన్, వానలో బట్టలు అన్నీ అక్కడ. మెట్ల కింద ఖాళీలో బియ్యం, ఇన్వర్టర్, పండక్కి పరిచే పరుపులు.

ఇందులో హాలు వెడల్పు 10 అడుగులే వస్తుంది. మీవారికి నచ్చకపోవచ్చు. కానీ హాలుకీ డైనింగ్‌కీ మధ్య గోడ పెట్టకపోతే 27 అడుగుల పొడవు ఒకే చూపులో కనిపిస్తుంది, సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు వరసగా కూర్చోబెట్టి విస్తళ్ళు వెయ్యొచ్చు. పిల్లలు ఎలాగూ ఇంకో నాలుగైదేళ్లు నానమ్మ దగ్గరే పడుకుంటారు. వాళ్ళ గదులు పైన, తర్వాత వేసుకోండి. ఇప్పుడు పిల్లర్లు, మెట్లు మాత్రం పై అంతస్తుకి లెక్క కట్టి వేయించండి. పైన బాత్‌రూమ్ కింద బాత్‌రూమ్ మీదే రావాలి, గోడ మీద గోడ రావాలి.

డూప్లెక్స్ ప్లాన్‌లో హాలు మీద స్లాబు లేకుండా రెండంతస్తుల ఎత్తు వదిలారు. బొమ్మలో గొప్పగా ఉంటుంది. మీ ఇంట్లో దాని వల్ల ఒక పడకగది పోతుంది, ఫ్యాను గాలి కిందికి సరిగా అందదు, బూజు దులపడానికి మనిషిని పిలవాలి, కింద టీవీ మోత పైన చదువుకునే పిల్లలకి వినపడుతుంది. ఆ డబ్బు దాచుకోండి.

ఎండ, గాలి. పడమటి ఎండని సన్‌షేడ్ ఆపలేదు, సూర్యుడు దిగి అడ్డంగా కొడతాడు. అందుకే పడమట వెనక వసారా పెట్టి వంటింటి గోడకి నీడ చేశాను. మామగారి గది పడమటి గోడకి చిన్న కిటికీ చాలు, పెద్దది దక్షిణాన పెట్టండి, నైరుతి గాలి తగులుతుంది. ఇంకోటి చాలామంది పట్టించుకోరు. మన దగ్గర మే నెల సగం నుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి కంటే కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఉత్తరం కిటికీకి ఎండ రాదు కదా అని సన్‌షేడ్ మానేయొద్దు, వాన జల్లుకైనా కావాలి. ఉక్కపోసే ఊళ్ళలో కిటికీల వైశాల్యం గది నేలలో ఆరోవంతు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్తుంది. 11కి 12 గదికి 22 చదరపు అడుగులు. ఒకే గోడకి ఒక పెద్ద కిటికీ కంటే రెండు గోడలకి రెండు కిటికీలు మేలు, గాలి వచ్చిన దారినే పోలేదు కాబట్టి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను. రెండోది మీ పక్కన పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానం కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్లాన్ గీసేటప్పుడు అలాంటి ఒక రాత్రిని కూడా లెక్కలో వేసుకోండి. ఆరుగురూ కూర్చోవడానికి ఒక గది కావాలి, పెద్ద అద్దాలు లేనిది. నా ప్లాన్‌లో మామగారి గది దానికి పనికొస్తుంది, బాత్‌రూమ్ పక్కనే ఉంది, వంటిల్లు నాలుగడుగుల్లో ఉంది. హాలుకి ఆ మూల నుంచి ఈ మూలకి జరిగే అద్దాల కిటికీ వద్దు, చెక్క రెక్కలైనా ఉండాలి, లేదా చిన్న చిన్న అద్దాలతో గ్రిల్ ఉండాలి. మేడ మీద రేకుల షెడ్డు వెయ్యాలనుకుంటే దాని స్తంభాలు పిల్లర్ల ఇనుముకి కలిపి లేపండి, పిట్టగోడ మీద నిలబెట్టకండి. మన తీరంలో పాతకాలం చుట్టిళ్ళు గుండ్రంగా, కప్పు నేలకి దగ్గరగా దిగి ఉండేవి. గాలి పట్టుకోవడానికి వాటిలో ఒక మూల కూడా లేదు. మనం గుండ్రంగా కట్టలేం గానీ ముందుకి పొడుచుకొచ్చిన సిమెంటు రెక్కలు, అలంకారం గోడలు తగ్గించుకోవచ్చు.

వాస్తు గురించి మీ అత్తగారు పట్టుదలగా ఉన్నారని రాశారు. ఉండనివ్వండి, ఆవిడ నమ్మకంతో ఆ ఇంట్లో నిద్రపోవాలి. పంతులుగారిని ప్లాన్ అయ్యాక కాకుండా ముగ్గు పోసిన రోజే పిలవండి. ఏవి కదపకూడదో, దేనికి రెండో దారి ఉందో అడగండి. నేను చూసినంతలో వాళ్ళు చెప్పే మార్పుల్లో చాలావరకు ముగ్గు దశలో సులభంగా కుదురుతాయి. ఆలస్యంగా పిలిచిన ఇళ్ళలోనే కట్టిన కిటికీలు మూసేసి చీకటి గదులు చేసుకోవడం చూశాను.

ఇక నుయ్యి. పూడ్చకండమ్మా. మేస్త్రి బోరు చాలంటున్నాడు, బోరుకి కరెంటు కావాలి. తిత్లీ తర్వాత మీ వైపు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు బోర్లున్న ఇళ్ళవాళ్ళు బిందెలు పట్టుకుని నుయ్యి ఉన్న ఇంటికి వెళ్ళారు. మీది ఈశాన్యంలో ఉంది, కాబట్టి అత్తగారికీ అభ్యంతరం ఉండదు. సెప్టిక్ ట్యాంకుని ఎదురు మూల పెరట్లో పెడితే నూతికీ దానికీ మధ్య 50 అడుగులు పైగా దూరం వస్తుంది, అంత ఉండాలి కూడా. పక్కింటివాళ్ళ నుయ్యి ఎక్కడుందో కూడా చూసుకోండి. ట్యాంకు శుభ్రం చేసే బండి పైపు ఉత్తరం సందులోంచి వెళ్తుంది, ఆ సందులో ఏమీ కట్టకండి.

ఇంటి ముందు 12 అడుగులు వదలమన్నది నూతి కోసమే. ఈశాన్యం పిల్లర్ గొయ్యి నూతి ఒరకి దగ్గరగా తవ్వితే మట్టి జారుతుంది. నూతి అంచు నుంచి ఆ గొయ్యికి ఎంత దూరం వస్తుందో ముగ్గు పోసిన రోజే కొలవండి. నాలుగైదు అడుగుల కంటే తక్కువొస్తే వసారా ఆ మూలని ఇంకో రెండడుగులు వెనక్కి తీసుకోండి, ఇంజనీరు వచ్చి నూతి లోతు, మట్టి చూసేదాకా ఆ ఒక్క గొయ్యి తవ్వనివ్వకండి. పైన ఇనప జల్లెడ మూత వేయించి, పిల్లలు తీయలేకుండా తాళం పెట్టండి. గిలకకి ఒక కొత్త తాడు కట్టి ఉంచండి.

ముగ్గు పోశాక ఒక ఫొటో, సామాను కొలతలు పెట్టండి. మెట్లకి, తలుపులకి ఏవైనా మార్పులు కావాలంటే అప్పుడు చూసి చెప్తాను.